బ్రేకు గట్టిపడిన శనివారాలు

నిన్న కూరగాయల షాపు ముందు పార్కింగ్‌లో ఒక పాత కారు బానెట్ తెరిచి ఉంది. లోపలికి నడుం దాకా వంగి ఒక పెద్దాయన, పక్కన టార్చ్ పట్టుకుని నా ఈడు ఆడమనిషి. వాళ్లు మాట్లాడుకునే భాష ఏమిటో నాకు తెలియదు. అయినా ఆయన "అక్కడ కాదు, ఇక్కడ" అంటున్నాడనీ, ఆవిడ "ఇక్కడే కదా పెట్టాను" అని పళ్లు కొరుకుతోందనీ అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. కొత్తిమీర కట్ట చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. లోపల్నుంచి విసుగు తన్నుకొచ్చింది. ఆ పెద్దాయన మీద కాదు, మా ఎదురింటి అంకుల్ మీద. ఆయన పోయి రెండేళ్లు కావస్తోంది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. నేను ఉంచుకున్నాను.

ఈ చలిదేశంలో, ఏజాక్స్ అనే ఊళ్లో, మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఆయనా ఆంటీ ఉండేవాళ్లు. బాయిలర్ల దగ్గర జీవితమంతా గడిపి రిటైరైన ఇంజనీరు. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచి ఉండేవారు. మే నెల వచ్చినా మంకీ క్యాప్ తీసేవారు కాదు. "లేక్ మీద గాలికి క్యాలెండర్ ఉండదమ్మాయ్" అనేవారు. కాఫీ స్టీలు గ్లాసులోనే తాగాలి, ఆ గ్లాసు వేడి తగ్గకుండా కారు ఇంజిన్ మీదే పెట్టాలి. మరిచిపోయి బానెట్ మూసేసిన రోజులు కూడా ఉన్నాయి. అలా చొట్టపోయిన గ్లాసులు ఆంటీ వంటింట్లో ఒక వరస ఉండేవి.

ఆయన దగ్గర 'పాడైంది' అనే మాట వాడకూడదు. "పాడవడమేంటి? కంప్లైంట్ వచ్చింది. కంప్లైంట్ అంటే అది మనతో ఏదో చెప్పుకుంటోందన్నమాట. విను." ఈ 'విను' అనేదాన్ని ఆయన రోజుకి ఎన్నిసార్లు అనేవారో. ఫ్రిజ్ విను, ఫర్నేస్ విను, గొంతు బొంగురుపోయిన పూజారిగారి మైకు విను. చారు పులుపు తగ్గిందనిపిస్తే నోరుమూసుకుని తినే రకం కాదు. చింతపండు మారిందా, నీళ్లు మారాయా, గిన్నె మారిందా అని మొదలుపెట్టేవారు. "పెళ్లైనప్పట్నుంచీ నా చారుకి రోగం కనిపెడుతూనే ఉన్నారమ్మా, ఇంతవరకూ మందు మాత్రం వెయ్యలేదు" అనేది ఆంటీ, నాకు వడ్డిస్తూ.

ఆయన వేదవాక్యం ఇంకొకటి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. "రెండు కలిపి మార్చావనుకో, బాగుపడిందే అనుకో, ఏది బాగుచేసిందో దేవుడికి కూడా తెలీదు. అది రిపేరు కాదు, లాటరీ." వినడానికి బాగానే ఉంటుంది. ఆ ఒక్కటి మార్చడానికి ఒక శనివారం పడుతుందనీ, అది మార్చాక ఫలితం చూడటానికి ఇంకో వారం పడుతుందనీ, ఆ శనివారాలన్నీ నావేననీ నాకు మొదట్లో తెలియలేదు.

నేను ఎలా చిక్కానంటే, ఒకసారి టార్చ్ పట్టుకున్న పాపానికి. ఆయన బానెట్ ఎత్తి అవస్థ పడుతుంటే రోడ్డు దాటి వెళ్లి "పట్టుకోమంటారా అంకుల్?" అన్నాను. మర్యాదకి అన్న మాట. మనవాళ్లలో మర్యాదకి అన్న మాట ఎక్కడిదాకా పోతుందో నాకు తెలియనిది కాదు. వారమంతా వాన్ అనే ఊళ్లో ఒక గోడౌన్ ఆఫీసులో ట్రక్కు డ్రైవర్లతో గొంతు చించుకుని, ఫోర్ ఓ వన్ హైవే మీద గంటలు గంటలు ఈదుకుని వచ్చే మనిషిని. శనివారం పొద్దున ఇంకో గంట పడుకుందామనుకుంటే, పదయ్యేసరికి ఎదురింటి నుంచి హారన్ ఒక్కసారి, పొట్టిగా మోగేది. "మీ గురువుగారు పిలుస్తున్నారు" అని మా ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

ఆ కారు గురించి చెప్పాలి. ఇక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తలుపుల అంచులు తినేసిన, ఇరవై ఏళ్లకి దగ్గరపడిన బూడిదరంగు కారు. దేశానికి ఆ చివర బర్నబీలో ఉన్న వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా, "డాడ్, ప్లీజ్, జస్ట్ టేక్ ఇట్ టు ఎ షాప్. ఆర్ సెల్ ఇట్" అనేది. ఈయన స్పీకర్‌లో, "రిపేరు షాపువాడికి నా కారు తెలీదమ్మా" అనేవారు. ఆ కారులోనే ప్రతి శనివారం సాయంత్రం ఆంటీనీ, మా అత్తగారినీ గుడికి తీసుకెళ్లేవారు. మా అత్తగారికి ఆ ప్రయాణమే వారానికంతటికీ పండగ. కర్నూలు నుంచి వచ్చినప్పట్నుంచీ ఆవిడ ఇల్లు కదిలేది ఆ ఒక్క పూటే. వెనక సీట్లో పూలసజ్జ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "అన్న నడిపితే ఉయ్యాల్లో ఉన్నట్టుంటాదమ్మా" అనేది, నేను నడిపే తీరుతో పోల్చి.

మార్చిలో మంచు కరగడం మొదలైనప్పుడు ఆయన కొత్త కంప్లైంట్ ప్రకటించారు. బ్రేకు గట్టిపడింది.

"అంటే పడటంలేదా?" అన్నాను భయంగా.

"పడుతుంది. కానీ బలంగా తొక్కాల్సొస్తోంది. సాయం అందడంలేదు" అన్నారు.

ఆ సాయమంటే ఏమిటో నాకు ఇంజిన్ ముందు నిలబెట్టి గంటసేపు చెప్పారు. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. కారు ఆపేది ఒట్టి మన కాలి బలం కాదు. ఇంజిన్ గాలి పీల్చుకుంటుంది కదా, ఆ పీల్పుని ఒక రబ్బరు గొట్టంలోంచి తెచ్చి, పెడల్‌కి అవతల ఉన్న గుండ్రటి రేకు డబ్బాలో పెడతారు. దాని పేరు బూస్టర్. మనం కాస్త తొక్కితే మిగతాది అది తొక్కుతుంది. "బావిలో చేద తోడుతుంటే వెనకాల ఇంకొకళ్లు తాడు అందుకున్నట్టు" అన్నారు. వెనకవాళ్లు తాడు వదిలేస్తే ఆ బరువంతా మనమీదే పడుతుంది. కాబట్టి పీల్పు ఎక్కడో పోతోంది, అది ఎక్కడో పట్టుకోవాలి.

పరీక్ష కూడా ఉంది. ఇంజిన్ ఆపేసి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కాలి. మిగిలిన పీల్పంతా అయిపోయి పెడల్ రాయిలా అవుతుంది. దాని మీద కాలు అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చెయ్యాలి. అంతా సవ్యంగా ఉంటే పెడల్ కాలికింద కొంచెం కుంగుతుంది. ఆయన డ్రైవర్ సీట్లో, నేను బానెట్ కింద. ఇదీ మా ఏర్పాటు. నా చెవికి తోటకి నీళ్లు పెట్టే పైపు ముక్క ఒకటి ఇచ్చారు, రెండో కొస గొట్టం పొడుగునా తిప్పుతూ ఎక్కడైనా బుస్సుమంటోందేమో వినాలి. ఎదురుగాలికి కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, చెవిలో పైపు పెట్టుకుని కారు ముందు వంగి నిలబడ్డ నన్ను కుక్కని తిప్పుకుంటూ వెళ్లే ఇరుగుపొరుగువాళ్లు చూసి చెయ్యి ఊపేవాళ్లు.

"కుంగింది!" అని లోపల్నుంచి కేక. నేను నిటారుగా లేచేలోపే, "కానీ కుంగాల్సినంత కుంగలేదు. ఏం వినపడింది?"

"ఇంజిన్."

"ఇంజిన్ కాదమ్మాయ్, దాని వెనకాల."

ఏమీ వినపడలేదంటే ఊరుకోరు. నేను సరిగ్గా వినలేదని అర్థం. నాలుగోసారికి నేను ఏదో వినపడినట్టే ఉందన్నాను. వెంటనే గొట్టం మారింది. చలికి రబ్బరు పగిలి ఉంటుందని తేల్చారు. తీసి చూస్తే పగుళ్లేం లేవు. "కంటికి కనపడవు" అన్నారు.

మళ్లీ శనివారం హారన్. "ఇంకా గట్టిగానే ఉంది." ఈసారి గొట్టం మధ్యలో ఉండే చిన్న కవాటం. గాలి ఒకవైపుకే పోనిస్తుంది. ఆయన దాన్ని పీకి, జేబురుమాలుతో తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదారు. తిప్పి పీల్చారు. నా చేతికిచ్చి, "నువ్వూ చూడు" అన్నారు. పెద్దవాళ్లు నోట్లో పెట్టి ఇచ్చింది కాదనలేం, మన నోట్లో పెట్టుకోలేం. నేను కోటు చేతికి తుడిచి ఊదాను. బాగానే ఉంది. బాగానే ఉన్నా మార్చారు, ఎందుకంటే వరసలో దాని వంతు అది.

ఆ తర్వాత వారం వాళ్లమ్మాయి పోరు పడలేక ఒక షాపుకి వెళ్లొచ్చారు. మెకానిక్ చూసి, నడిపి, బ్రేకు దివ్యంగా ఉంది, ఏం చెయ్యనక్కర్లేదు అన్నాడట. నేను ఎగిరి గంతేశాను. ఈయన మంకీ క్యాప్ సర్దుకుని, "వాడి కాలు చూశావా? ఎద్దు కాలు. వాడికి రాయి కూడా మెత్తగానే ఉంటుంది" అన్నారు. మేమందరం అది నిజమే అనుకున్నాం. చదువుకున్నవాళ్లం, మెకానిక్ చెప్పింది పక్కనపెట్టి పెద్దాయన చెప్పింది నమ్మాం.

అక్కడితో ఆగి ఉంటే నేను ఇంత కక్ష పెట్టుకునేదాన్ని కాదు. ఏప్రిల్లో ఆయన పాత కార్ల యార్డు నుంచి ఇంకో కారుది బూస్టర్ పట్టుకొచ్చారు. అది బిగించాలంటే డ్యాష్‌బోర్డు కిందికి దూరి, పెడల్‌ని దానికి కలిపే కడ్డీ ఊడదియ్యాలి. ఆయన నడుము వంగదు. నా నడుము వంగుతుంది. ఏప్రిల్ చలిలో, మందపాటి పార్కా కోటు వేసుకుని, కాళ్లు సీటు మీదికి, తల పెడళ్ల కిందికి పెట్టి తలకిందులుగా పడుకున్నాను. నోట్లో టార్చ్. పైనుంచి ఆయన, "ఎడమకి, ఎడమకి, నీ ఎడమ కాదు, కారు ఎడమ!" కిటికీలోంచి ఆంటీ చెయ్యి లోపలికి వచ్చి నా నోట్లో టార్చ్ తీసి ఒక అరిసె ముక్క పెట్టి మళ్లీ టార్చ్ పెట్టింది. ఆ క్షణంలో ఈ దంపతులిద్దరినీ వదిలేసి ఏ సస్కచువాన్‌కో వెళ్లిపోవాలనిపించింది. రెండు శనివారాలు పట్టింది. బిగించాక ఆయన కూర్చుని, తొక్కి, స్టార్ట్ చేసి, తల పక్కకి వంచి చాలాసేపు ఉండిపోయారు.

"కుంగింది" అన్నారు.

"హమ్మయ్య!"

"కుంగాల్సినంత కుంగలేదు."

నేను టార్చ్ ఆర్పేసి, రోడ్డు దాటి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఆంటీ సాయంత్రం పులిహోర పంపింది. తిన్నాను కానీ కోపం తగ్గలేదు.

మే మొదట్లో ఒక శనివారం మా అత్తగారు గుడి నుంచి వచ్చి, పూలసజ్జ బల్లమీద పెట్టి, మంచినీళ్లడిగింది. సజ్జలో పూలు చెదిరి ఉన్నాయి. "ఏమైందత్తమ్మా?" అంటే, "ఏం లేదులే. సిగ్నల్ కాడ బండి నిలబడలే. తెల్లగీత దాటి పోయి నిలబడింది. ముందర ఒకామె బిడ్డని బండిలో పెట్టుకొని దాటుతా ఉండె. ఇంతే ఎడం" అని అరచెయ్యి చూపించింది.

ఉన్నపళంగా ఎదురింటికి వెళ్లాను. ఆయన గరాజ్‌లో నిలబడి ఉన్నారు. ముఖం పాలిపోయి ఉంది. అయినా నన్ను చూడగానే, "చూశావా, నేను చెప్తూనే ఉన్నాను. ఇక మిగిలింది బ్రేకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండరే" అన్నారు.

"అంకుల్, ఈ కారు అమ్మేయండి" అన్నాను. గొంతు పెరిగింది. ఆయనతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. "రోగం దొరికేదాకా దీన్ని రోడ్డెక్కించొద్దు. మా అత్తగారు వెనకాల కూర్చుంటోంది."

ఆయన చెంపదెబ్బ తిన్నట్టు చూశారు. "ఇంకొక్క ఐటెమ్, అమ్మాయ్. అది చూస్తే తేలిపోతుంది" అన్నారు. నాకు చెప్తున్నట్టు లేదు.

రెండు రోజుల తర్వాత వాళ్ల డ్రైవ్‌వేకి తారు పూసేవాళ్లు వచ్చారు. కారు అడ్డంగా ఉంది. అంకుల్‌కి జ్వరం, మందేసుకుని పడుకున్నారు. ఆంటీకి డ్రైవింగ్ రాదు. తాళాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "కాస్త రోడ్డు మీద పెట్టి పోమ్మా" అంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇన్ని వారాల్లో నేను ఆ సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. దాని కింద తలకిందులుగా పడుకున్నాను, ముందు వంగాను, వెనక నిలబడి బ్రేకు లైటు చూశాను. మా ఆయన కూడా చూశాడు. మాలో ఎవరం "లేవండంకుల్, నేను తొక్కి చూస్తా" అనలేదు. పెద్దాయన కూర్చున్న సీటు, ఆయన్ని లేపి మనం కూర్చోవడమేమిటి? పక్కింటి తెల్లావిడ అయితే మొదటి రోజే జరగమనేది.

ముందుజాగ్రత్తగా కాలికి ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. రివర్సులో కదిలిన కారు ఒక్క కుదుపుతో ఆగింది, నా తల వెనక్కి వెళ్లి సీటుకి కొట్టుకుంది. మళ్లీ మెల్లగా తొక్కాను. వేలితో నొక్కినా దిగేలా ఉంది. వీధి చివరిదాకా పోయి, తిరిగి వచ్చాను. నా కారు బ్రేకు కంటే ఇదే నయం. మొదట వచ్చింది ఒళ్లు మండే కోపం. గొట్టం, కవాటం, ఆ బూస్టర్, నా నడుము! దిగి ఆయన్ని జ్వరంలోనే లేపి అడిగేద్దామనుకున్నాను. ఇంజిన్ ఆపి తాళం తీస్తుంటే, ఆయన ఈ సీట్లోకి ఎక్కే తీరు కళ్ల ముందు కదిలింది. ముందు ఎడమ పక్కకి తిరిగి కూర్చుంటారు, తర్వాత కుడి తొడ కింద చెయ్యి పెట్టి కాలు లోపలికి తెచ్చుకుంటారు. చలికాలం బట్టల బరువనుకున్నాను. మే నెలలో బట్టల బరువేమిటి? కోపం చల్లారలేదు. దానికింద భయం వచ్చి చేరింది.

వంటింట్లో ఆంటీ పోపు వేస్తోంది. తాళాలు బల్లమీద పెట్టి, "ఆంటీ, బ్రేకు బాగుంది" అన్నాను. ఆవిడ స్టవ్ తగ్గించింది. వెనక్కి తిరగలేదు.

"మెట్లెక్కేటప్పుడు కుడికాలి చెప్పు ఊడిపోతోందమ్మా ఆయనకి. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ. ఊడినట్టు కూడా తెలీదు. నేను వెనకాలే వెళ్లి తెచ్చి పెడుతున్నా."

"మీకు తెలుసా? తెలిసి ఊరుకున్నారా?"

"చెప్తే వినే మనిషేనా? ఒకటొకటే కొట్టేసుకుంటూ వస్తున్నారు కదా, చివరికి అక్కడికే వస్తారులే అనుకున్నా."

"ఆయన వచ్చేలోపు ఎవరి మీదికైనా ఎక్కించేస్తే?" అని అరిచాను. "మా అత్తగారిని వెనకాల కూర్చోబెట్టుకుని మీరిద్దరూ పరిశోధన చేస్తున్నారా?" ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇద్దరికిద్దరూ సరిపోయారనుకున్నాను. ఒకరు మొండి, ఇంకొకరు ఆ మొండితనానికి కాపలా. ఎవరో ఒకరు చెప్పాలి. వాళ్లమ్మాయికి ఫోన్ చెయ్యొచ్చు, కానీ ఆయన తాళాలు ఆయన అమ్మాయి బర్నబీ నుంచి లాక్కోవడం నాకు ఊహించుకోవడానికే బాగోలేదు. ఆ వారమంతా ఆఫీసులో డ్రైవర్ల మీద అకారణంగా కేకలేశాను.

శనివారం హారన్ మోగింది. వెళ్లాను. ఆయన డ్రైవర్ సీట్లోంచే టార్చ్ చాపారు. నేను తీసుకోలేదు.

"అంకుల్, ఇవాళ నేను తొక్కుతా. మీరు వినండి."

"నీకు పట్టు తెలీదమ్మాయ్."

"మార్చింది గొట్టం, కవాటం, డబ్బా. తొక్కే మనిషిని మార్చలేదు. ఒక్కసారి ఒక్కటే మార్చాలన్నారు కదా. ఇవాళ ఇదొక్కటే మారుద్దాం."

ఆయన నా వైపు చాలాసేపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు, తిప్పుకుంటే మళ్లీ మాస్టర్ సిలిండర్ ఎత్తుకుంటారని. కోపంగా లేరు. మెల్లగా దిగారు, తలుపు పట్టుకుని, కాలు చేత్తో బయటికి తెచ్చుకుని. నేను కూర్చున్నాను. ఇంజిన్ ఆపి తొక్కాను, గట్టిపడింది. స్టార్ట్ చేశాను. పెడల్ కాలికింద నిండుగా కుంగింది.

బానెట్ మీదుగా ఆయన తల మాత్రం కనపడుతోంది. "ఎంత?" అన్నారు.

"కుంగాల్సినంత."

ఆయన వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. "జరుగు" అన్నారు. దిగాను. ఆయన కూర్చుని అదే పరీక్ష మళ్లీ చేశారు, కుడికాలితో. తల పక్కకి వంచి విన్నారు. తర్వాత ఇంజిన్ ఆపేసి, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, ఎడమకాలు పెడల్ మీద పెట్టారు. తొక్కారు. స్టార్ట్ చేశారు. నాకు ఆయన కాళ్లు కనపడటంలేదు, ముఖం కనపడుతోంది. మళ్లీ ఆపారు, మళ్లీ చేశారు. ఇంజిన్ శబ్దం ఆగిపోయాక వీధిలో ఎక్కడో గడ్డి కోసే మిషను వినపడింది.

"బూస్టర్ బాగుంది" అన్నారు, షాపువాడికి రిపోర్టు చదివినట్టు. "పాతది కూడా బాగానే ఉండుంటుంది."

"మీకు ముందే అనుమానం ఉందా అంకుల్?"

"ఉంది."

"మరి ఇదంతా ఎందుకండీ? నన్ను చలిలో గాలిలో నిలబెట్టి, తలకిందులు చేసి... ఎందుకు?"

ఆయన స్టీరింగ్ తుడుస్తూ, "కారుదైతే బాగుచేసుకోవచ్చు కదమ్మాయ్" అన్నారు.

ఇంతకాలం నేను విసుక్కున్న ప్రతి గొట్టం దగ్గరా ఈయన అదే అయితే బాగుండునని చూశారన్నమాట. కుంగలేదని చెప్పిన ప్రతిసారీ ఒకటి తగ్గిపోతూ వచ్చింది. అది తెలిశాక కూడా నాకు ఆయన మీద కోపం పోలేదు, ఇంకా పెరిగింది. ఒక్కరే మోశారు, మా అందరినీ వెనక సీట్లో ఎక్కించుకుని మరీ.

సాయంత్రం గుడికి టైమైంది. మా అత్తగారు సజ్జ పట్టుకుని ఎప్పట్లాగే వచ్చి వెనకాల కూర్చుంది, పోయినవారం అంత భయపడ్డ మనిషి. ఆయన తాళాలు నా వైపు చాపారు. ఆంటీ ముందు కూర్చుంది. ఆయన వెనకాల, మా అత్తగారి పక్కన.

రోడ్డెక్కాక మా అత్తగారు, "ఏమన్నా, దొరికిందా రోగం?" అంది.

"దొరికిందమ్మా. కారుది కాదు, నా కాలుది" అన్నారాయన.

"చూపిచ్చుకోండన్నా మరి" అంది ఆవిడ. "చూపించుకుంటా" అన్నారు. ఆంటీ కిటికీ వైపు తిరిగింది. నేను సిగ్నల్ దగ్గర అవసరం లేనంత ముందే బ్రేకు వేశాను. వెనకాల్నుంచి, "అంత ముందు అక్కర్లేదమ్మాయ్, లైనింగు అరుగుతుంది" అని సణుగుడు. గుడిదాకా ఆ సణుగుడు ఆగలేదు. లేన్ ఎందుకు మారావు, ఇండికేటర్ ఎందుకు ఆలస్యం. నేను పళ్లు బిగపట్టి నడిపాను.

గుడి దగ్గర ఆడవాళ్లిద్దరూ దిగి మెట్లవైపు నడిచారు. నేను వెళ్లి ఆయన తలుపు తీశాను. అందరూ చూస్తుండగానే ఆయన రెండు చేతులూ తొడ కింద పెట్టి, కాలు ఎత్తి, నేలమీద పెట్టుకున్నారు. నేను చెయ్యి ఇస్తే పట్టుకున్నారు.

"ఈ మాట మార్చిలోనే చెప్పి ఉంటే ఏం పోయేదంకుల్?" అన్నాను, ఉండబట్టలేక.

"చెప్తే తాళాలు అడిగేదానివి."

"అడిగేదాన్నే."

"అదే మరి" అన్నారు, లేచి నిలబడి, నా భుజం మీద బరువు వేస్తూ. మెట్లదాకా అలాగే నడిచాం. తాళాలు నా కోటు జేబులో చప్పుడు చేస్తూనే ఉన్నాయి. ఆయన వాటి వైపు చూడలేదు, తిరిగి ఇమ్మనీ అడగలేదు.